చేతి గుణం కాదు, నీళ్ల గుణం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు పండుగ రోజు. పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, అది హక్కు అని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. కరువు భత్యం గూర్చి, వైద్య బిల్లుల గూర్చి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. విశ్రాంత జీవితంలో కాలక్షేపంగా రంగు రంగుల ఆకుల మొక్కలను కుండీలలో ఎలా పెంచుకోవచ్చునో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. నేను ఉద్యాన శాస్త్రవేత్తను కాను. పాలమూరు జిల్లాలో పుట్టి, రెండు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు సైన్సు చెప్పి, నల్లగొండ పట్టణ శివార్లలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. నేను చెప్పబోయేదాంట్లో చదివి నేర్చుకున్నది కొంతే. మొక్కలను చంపుకొని నేర్చుకున్నది ఎక్కువ.

పూల మొక్కలు ఉండగా ఆకుల మొక్కలెందుకని మీరు అడగవచ్చు. మల్లె ఎండాకాలంలో పూస్తుంది, చామంతి చలికాలంలో పూస్తుంది. మిగతా నెలలన్నీ ఎదురుచూపే. క్రోటన్ అలా కాదు. ఆకే దానికి పువ్వు. పన్నెండు నెలలూ వాకిట్లో రంగు ఉంటుంది. మందులు కొట్టే బాధ తక్కువ. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి పోయి మూడు నెలలకు వచ్చినా, పక్కింటివారు నాలుగు రోజులకొకసారి నీళ్లు పోస్తే బతికే మొక్కలు వీటిలో చాలా ఉన్నాయి.

నేను రిటైరైన ఏడాది కడియం నర్సరీల నుంచి వచ్చిన లారీ దగ్గర ఇరవై మొక్కలు కొన్నాను. పచ్చని ఆకుకు తెల్ల చారలున్న డ్రసీనాలు, ఎర్రని కార్డిలైన్లు, గడ్డిలాగా వేలాడే స్పైడర్ ప్లాంట్లు. వరండా పొడవునా వరుసగా పెట్టించాను. రోజూ నీళ్లు పోసే పని మా ఇంటావిడది. రెండు నెలలు తిరిగేసరికి ప్రతి ఆకు కొసా గోధుమ రంగుకు తిరిగి, అగ్గి తగిలినట్టు కాలిపోయింది. నీళ్లు ఎక్కువయ్యాయని ఒకసారి, తక్కువయ్యాయని ఒకసారి ఆమెనే కోప్పడ్డాను. చివరికి ఒకరోజు, "నీ చేతి గుణమే మంచిది కాదు" అని నోరు జారాను. ఆమె మారు మాట్లాడలేదు. మగ్గు పక్కన పెట్టి లోపలికి పోయింది.

ఆ వానాకాలం ఒక వింత చూశాను. చూరు కింద, ధారగా వాన నీళ్లు పడేచోట ఒక డ్రసీనా కుండీ ఉంది. దానికి వచ్చిన కొత్త ఆకులు కొస దాకా శుభ్రంగా ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో బోరు నీళ్లు తాగుతున్న కుండీలో కొత్త ఆకు కూడా కాలింది. మట్టి ఒకటే, ఎండ ఒకటే, పోసే చేయి ఒకటే. తేడా నీళ్లలోనే ఉంది. బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. ఫ్లోరైడు హద్దు దాటి రెండింతలకు పైగా ఉన్నట్టు తేలింది.

కాగితం తెచ్చి మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆమె ఒక్కటే మాట అన్నది: "చూసిండ్రా, నా చేతి గుణం కాదు, నీళ్ల గుణం."

సైన్సు మాస్టారునై ఉండి నాకు అది ముందే తట్టకపోవడం సిగ్గుచేటు. ఫ్లోరైడు నీటితోపాటు వేరు గుండా పైకి పోతుంది. బాష్పోత్సేకంలో నీరు ఆవిరైపోతుంది గాని ఫ్లోరైడు ఎగిరిపోదు. ప్రయాణం ఆగిపోయేచోట, అంటే ఆకు కొసలో, అంచులో పేరుకొని అక్కడి కణాలను చంపుతుంది. డ్రసీనా, కార్డిలైన్, స్పైడర్ ప్లాంటు, మరాంటా, కలాథియా వంటివి దీనిని అసలు ఓర్చుకోలేవు. మనిషి తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండవచ్చునని, వేరే గత్యంతరం లేనిచోట ఒకటిన్నర దాకా అని మన దేశపు ప్రమాణం. ఆ మాత్రానికే ఈ ఆకుల్లో కొన్ని కాలిపోతాయి.

నల్లగొండలో ఫ్లోరైడు గూర్చి నేను కొత్తగా చెప్పేదేముంది? పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థవారు 1970లలో రూపొందిస్తే, దానికి లోకమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు నిలిచింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నీటి గోస దేశానికి వినిపించాలని నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. ఆ ఎన్నికల డ్యూటీ చేసినవారు ఈ సభలో కూడా ఉన్నారు, వారికి వేరే చెప్పనక్కరలేదు.

మా ఇంటావిడ పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు ఒక ఊళ్లో. చిన్నప్పుడు తాగిన బావి నీళ్లు ఆమె పండ్ల మీద గార మరకలుగా కనిపిస్తాయి. యాభై దాటినాక నడుము బిగుసుకుపోయింది. ఇప్పుడు కూర్చుంటుంది, నిలబడుతుంది, నడుస్తుంది. వంగలేదు. ఎముకలోకి చేరి బిగిసినదానిని మందులు వెనక్కు తేలేవని, మంచి నీళ్లు, మంచి తిండితో ఇకముందు పెరగకుండా చూసుకోవలసిందేనని డాక్టర్లు చెప్పారు. అలాంటి మనిషి చేత నేల మీది కుండీలకు రెండు నెలలు నీళ్లు పోయించి, పైగా చేతి గుణం అన్నాను. ఆ రోజు నుంచి మా తోట లెక్క మార్చాను. మొక్కలు మా నీళ్లకు తగినవై ఉండాలి. కుండీలు ఆమె నడుముకు తగిన ఎత్తులో ఉండాలి. ఈ రెండే మా తోటకు నియమాలు.

మొదట నీళ్ల సంగతి. ఓర్వలేని మొక్కలు రెండే ఉంచుకున్నాను. వాటికి డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు, అవి అయిపోతే మిషన్ భగీరథ నల్లా నీళ్లు. ఒక రాత్రి బకెట్లో నిలవ ఉంచితే నల్లా నీళ్లలోని క్లోరిన్ వాసన పోతుంది గాని, బోరు నీళ్లలోని ఫ్లోరైడు పోదు. కాచినా పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో కూడా ఫ్లోరైడు ఉంటుంది గనుక ఆ రెండు మొక్కలకు గుప్పెడు ఎరువు వేయడం మానుకోవాలి.

మా నీళ్లకు తట్టుకున్నవి ఇవి: అన్ని రకాల క్రోటన్లు, రాగి రంగు అకాలిఫా, బంగారు రంగు డ్యురాంటా, మనీ ప్లాంటు, సింగోనియం, నీడలో అగ్లోనిమా, పైన పచ్చగా అడుగున వంకాయ రంగుగా ఉండే రియో, ఆకు మొత్తం వంకాయ రంగులో ఉండే పర్పుల్ హార్ట్. క్రోటన్ మలయా, ఇండోనేషియా దీవులవైపు మొక్క, రియో మెక్సికో మొక్క. ఎక్కడెక్కడివో మన చెల్కల ఎండకు అలవాటుపడ్డాయి.

కొన్ని కిటుకులు చెబుతాను. క్రోటన్‌కు వెలుతురు తగ్గితే రంగు తగ్గి పచ్చబడుతుంది. పొద్దుటి ఎండ బాగా తగలాలి. చోటు మార్చిన కొత్తలో ఆకులు రాల్చుతుంది, చచ్చిందని పీకి పారేయకండి. పర్పుల్ హార్ట్ ఎండలో ఎంత ఉంటే అంత ముదురు రంగు తేలుతుంది. కోలియస్‌కు వడగట్టిన వెలుతురు కావాలి, పూత వస్తే గిల్లేయాలి. కాలాడియం చలికాలంలో ఆకులు పోగొట్టుకొని దుంపగా నిద్రపోతుంది. అప్పుడు నీళ్లు ఆపి కుండీ పక్కన పెడితే మళ్లీ ఎండలు ముదిరే వేళకు లేస్తుంది.

ఒకే కుండీలో రెండు మూడు రకాలు కలిపి పెట్టేవారు రంగు చూసి కలుపుతారు. దాహం చూసి కలపాలి. ఎక్కువ నీళ్లు అడిగే కోలియస్‌ను, తక్కువతో సరిపెట్టుకునే రియోను ఒక కుండీలో పెడితే ఒకటి ఎండుతుంది, లేకుంటే ఒకటి కుళ్లుతుంది. మా ఇంట్లో నిలిచిన జోడింపు ఒకటి చెబుతాను. పెద్ద గోలెంలో మధ్యన పసుపు, ఎరుపు కలిసిన క్రోటన్. దాని చుట్టూ రియో. అంచున బయటికి జాలువారేటట్టు పర్పుల్ హార్ట్. మూడింటికీ ఎండ కావాలి, మూడూ కొంచెం ఆరినా ఓర్చుకుంటాయి. నీడకైతే మధ్యన అగ్లోనిమా, అంచున మనీ ప్లాంటు. కుండీలోకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. అడుగున రంధ్రం మీద పెంకు ముక్క మరవకూడదు.

ఇక అమరిక. దీనికి పుస్తకాలు వెదికాను, మా ఇంటావిడ నవ్వింది. "బతుకమ్మను పేర్చినట్టు పేరిస్తే అయిపాయె" అన్నది. నిజమే గదా! అడుగున వెడల్పుగా గుమ్మడి ఆకు, ఆపైన తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, వరుసకొక రంగు, పోనుపోను సన్నగా, శిఖరాన గుమ్మడి పువ్వు. ఆడపిల్లలందరికీ వచ్చిన విద్య ఇది. తూర్పు గోడకు ఆనించి అర్ధచంద్రాకారంలో మూడు మెట్ల గద్దె కట్టించాను. మొదటి మెట్టు ఆమె నడుము ఎత్తున, పై మెట్టు ఛాతీ ఎత్తున. కింది మెట్టు మీద పచ్చని మనీ ప్లాంటు, సింగోనియం వేలాడుతుంటాయి. నడిమి మెట్టు మీద బంగారు డ్యురాంటా కత్తిరించి పొట్టిగా. పై మెట్టు మీద అకాలిఫా, నడిబొడ్డున పెద్ద క్రోటన్. ఆమె కుర్చీలో కూర్చుని ఏది ఎక్కడో చెబుతుంది, నేను సర్దుతాను. నీళ్లు మాత్రం తనే పోస్తుంది, వంగే పని లేదు గనుక.

మన ఎండలకు కొన్ని జాగ్రత్తలు. ఏప్రిల్, మే నెలల్లో పచ్చని నీడ వల కట్టాలి. కుండీలను విడివిడిగా పెట్టకుండా దగ్గర దగ్గరగా జరిపితే ఒకదాని నీడ ఒకదానికి పడి తేమ నిలుస్తుంది. పొద్దెక్కక ముందే నీళ్లు పోయాలి. మట్టికుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటే నీళ్లలో లవణాలున్నట్టు గుర్తు. నెలకొకసారి మంచి నీళ్లు అడుగు నుంచి కారిపోయేదాకా పోసి మట్టిని కడగాలి. కారిన నీళ్లు పళ్లెంలో నిలవనివ్వకండి. లవణాలు తిరిగి మట్టిలోకి పోతాయి, దోమలూ పెరుగుతాయి. తడి గచ్చు మీద కాలు జారిందంటే మన వయసులో తుంటి ఎముకతో పోతుంది, చూసుకోండి. పెద్ద కుండీలు మనమే ఎత్తవద్దు.

ఇంకొక హెచ్చరిక. తెల్ల మచ్చల పెద్ద ఆకుల డఫిన్‌బేకియా చాలా ఇళ్లలో ఉంది. పసిపిల్లలు ఆకు కొరికితే నోరు మండి, నాలుక వాస్తుంది. కాలాడియం, అగ్లోనిమా కూడా అదే కోవ. డ్యురాంటా కాయలు తినకూడదు. క్రోటన్ పాలు కంట్లో పడనీయకూడదు. మనుమలు, మనుమరాళ్లు వచ్చే ఇంట్లో ఇవి చేతికందని చోట ఉండాలి.

చివరిగా ఒక మనవి. నీళ్లు మారాయి, నల్లా వచ్చింది, సంతోషం. అయినా శివార్లలో, పొలాల దగ్గర, అద్దె ఇళ్లలో బోరు నీళ్లు తాగేవారు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లోనూ డ్రసీనా కొస కాలుతున్నదనుకోండి. అది మొక్క రోగమనో, ఎవరి చేతి గుణమనో అనుకోకండి. అలా కాలడానికి వేరే కారణాలూ ఉండవచ్చు. అయినా ఒక సీసా నీళ్లు పట్టి పరీక్షకు పంపండి. ఆకు రెండు నెలల్లో చెప్పేది మన ఎముక ఇరవై, ముప్పై ఏళ్లకు గాని చెప్పదు. అప్పటికి చెప్పి లాభం లేదు.

మా ఇంటావిడ అదిగో, ఆడవారి వరుసలో చివర కూర్చుంది. ఆ రోజు అన్న మాటను ఈ సభలో అందరి ముందు వెనక్కు తీసుకుంటున్నాను. బయట బల్ల మీద పర్పుల్ హార్ట్, రియో పిలకలు చిన్న కవర్లలో పెట్టి తెచ్చాము. అవి నాటింది ఆమె చేతులే. తలా ఒకటి తీసుకుపోండి, బతుకుతాయి.