సాక్షి నిలబడ్డ చోటు

జర్నలిజం పట్టా అందుకుంటున్న మిత్రులారా,

మీకు ఒక రిపోర్టరు గురించి చెప్పాలని వచ్చాను. తాగుడు ఈమధ్యే మానాడు. భార్యకు ద్రోహం చేస్తున్నాడు. పసికూతుర్ని జూకి తీసుకెళ్ళి, తన తొందరలో ఆమె కూర్చున్న బండిని పరుగెత్తించి దెబ్బ తగిలిస్తాడు. 1999లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసి, నటించిన ‘ట్రూ క్రైమ్’ సినిమాలో స్టీవ్ ఎవరెట్ ఇతడు. శాన్ క్వెంటిన్ జైల్లో ఆ అర్ధరాత్రి మరణశిక్ష అమలు కానున్న ఫ్రాంక్ బీచమ్‌ను ఇంటర్వ్యూ చేసే పని ఇతనికి పడుతుంది.

ఆఫీసు అడిగింది ఖైదీ చివరిరోజు కథనం. ఇతను మాత్రం హత్య జరిగిన దుకాణానికి వెళ్ళాడు. ముద్దాయి చేతిలో తుపాకి చూశానన్నాడు సాక్షి. అతను నిలబడ్డ చోటి నుంచి చూస్తే చిప్స్ ప్యాకెట్ల స్టాండు అడ్డం! పోలీసులూ లాయర్లూ ఫైలంతా చదివారు, ఆ చోట మాత్రం నిలబడలేదు. నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా విలువైనది ఈ ఒక్క ఘట్టమే.

ఇలాంటివి సినిమాల్లోనే జరుగుతాయనుకోకండి. ఇలినాయ్‌లో హత్య కేసులో మరణశిక్ష పడిన ఆంథొనీ పోర్టర్‌కు 1998లో ఆ శిక్ష అమలు రెండు రోజుల దూరంలో ఆగింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, మీ వయసువాళ్ళే, షికాగో పార్కులో సాక్షి చెప్పిన చోటికి వెళ్ళి చూసి, అక్కణ్ణుంచి అతను చెప్పినట్టు కనబడదన్నారు. 1999 ఫిబ్రవరిలో పోర్టర్ బయటికొచ్చాడు. ఆ రాష్ట్రం 2011లో మరణశిక్షనే రద్దు చేసింది.

అయితే పోర్టర్‌కు శిక్ష పడ్డ ఆ నేరం తనదని ఒప్పుకొని జైలుకెళ్ళిన మరో మనిషిని 2014లో వదిలేశారు. విద్యార్థులతో పనిచేసిన ప్రైవేటు డిటెక్టివ్ ఆ ఒప్పుకోలు రాబట్టిన తీరే తప్పని తేలింది. ఒకరిని కాపాడామన్న నమ్మకంలో ఇంకొకరి విషయంలో అదే శ్రద్ధ పెట్టలేదు. ఈ రెండో సగాన్ని కూడా మీరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

పత్రికలో కొత్తగా చేరినప్పుడు నేనూ ఒక హత్య వార్త రాశాను. పోలీసు ప్రెస్‌నోట్ చాలనుకున్నాను. ‘నిందితుడు’ అనాల్సిన చోట ‘హంతకుడు’ అన్నాను. మొదటి పేజీలో ఫొటోతో వచ్చింది. నాలుగేళ్ళకు కోర్టు అతను నిర్దోషి అంది. లోపలి పేజీలో, ఫొటో లేకుండా, నాలుగు లైన్లు. అవీ నేనే రాశాను.