ఆస్తి లేనివాడికి పూచీ ఎవరు?

న్యాయశాస్త్రంలోనూ సోషల్ వర్క్‌లోనూ ఈ రోజు పట్టా అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

విచారణ ఖైదీల కుటుంబాలతో పనిచేయడం నా వృత్తి. కేసు తేలకముందే జైల్లో ఉన్న మనిషికీ, అతని కోసం ములాఖత్ వరసలో నిలబడ్డ ఇంటివాళ్లకూ, కోర్టుకూ మధ్య తిరిగే పని ఇది. మీ చదువు అక్కరకొచ్చే చోటు అది కాబట్టి ఆ సంగతులే మీతో చెబుతాను.

2022 చివరికి మన దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా తీర్పు రాలేదు. చట్టం దృష్టిలో వాళ్లు నిర్దోషులు. కానీ సంపాదించే మనిషి లోపలికి వెళ్లిన నెలకే ఇంటి అద్దె బాకీ పడుతుంది. వకీలు ఫీజుకు వడ్డీకి తెస్తారు. పెద్దపిల్ల బడి మానేసి తల్లితో పాటు పనికి పోతుంది. ఏ కోర్టూ ఈ శిక్ష వేయలేదు. అయినా ఆ ఇల్లంతా దాన్ని అనుభవిస్తుంది.

ఒక తల్లి నా టేబుల్ ముందుకొచ్చి ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీసి పరిచింది. కొడుకు ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, నాలుగు మడతలు పెట్టిన బెయిల్ ఆర్డరు. "బెయిలొచ్చిందన్నరు గదమ్మా, మరి మా పిలగాడు ఇంటికెందుకు రాలే?" అని అడిగింది. ఇద్దరు జామీనుదారులు కావాలని ఆ ఆర్డరులోనే ఉంది. ఆ మాట ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో ఉన్నవాళ్లు వచ్చి పూచీ పడాలి. ఆమె ఎరిగినవాళ్లంతా అడ్డా మీద కూలీలు. డబ్బిస్తే జామీనుదారులను తెస్తానన్న దళారి మాత్రం అప్పటికే దొరికాడు. అతనికివ్వడానికి ఆమె పుస్తెలు తాకట్టు పెట్టబోతోంది.

ఆ పని వద్దని చెప్పి, ఉచిత న్యాయసహాయం కింద వకీలును పెట్టించి, షరతు సడలించమని పిటిషన్ వేయించాం. అతను ఆ బస్తీలో ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, ఏ మేస్త్రీ దగ్గర పనిచేస్తున్నాడు, ఇంట్లో ఎవరెవరు అతని మీద ఆధారపడ్డారు అన్నవి కనుక్కుని కోర్టు ముందు పెట్టాం. సొంత పూచీకత్తు మీద విడుదల చేశారు.

ఆస్తిని కాక మనిషి ఇల్లు, పని, కుటుంబం చూసి వదలాలన్న ఈ ఆలోచన కొత్తది కాదు. 1961లో న్యూయార్క్‌లో వెరా ఫౌండేషన్ మన్‌హటన్ బెయిల్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. నిందితుల దగ్గరికి వెళ్లి ఇల్లు, ఉద్యోగం, కుటుంబం గురించి అడిగి, ఆ వివరాలు నిజమో కాదో విచారించి జడ్జికి అందించింది మీలాంటి న్యాయ విద్యార్థులే. డబ్బు కట్టకపోయినా, ఊళ్లో వేళ్లూనుకున్న మనిషి వాయిదాకు వస్తాడని వాళ్లు చూపించారు. 1966లో అమెరికా బెయిల్ చట్టం మారడానికి అది దారి వేసింది.

మన సుప్రీంకోర్టు ఈ మాటే 1978లో మోతీరామ్ కేసులో చెప్పింది. మోతీరామ్ తాపీ మేస్త్రీ. మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగారు. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని ఒప్పుకోలేదు. ఆంధ్రుడో తమిళుడో బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ నిలదీశారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు.

ఇప్పుడు మీ చేతిలో అంతకంటే ఎక్కువ ఆయుధాలున్నాయి. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. జామీను కట్టలేని పేద విచారణ ఖైదీకి డబ్బు సాయం చేసే కేంద్ర పథకం అదే ఏడాది వచ్చింది. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే బెయిలుకు అర్హులని భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్ చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

ఇన్ని ఉన్నా ఆ తల్లి తాకట్టు దుకాణం మెట్లెక్కబోయింది. చట్టం ఆమె దాకా తనంతట తాను నడిచి రాదు. ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. పేదవాడికి ఆస్తి ఉండకపోవచ్చు, అతని కుటుంబమే అతనికి పూచీ. ఆ సంగతి కోర్టుకు కనబడేలా చేయడమే నా పని.

మీలో రేపు న్యాయమూర్తులయ్యేవాళ్లున్నారు. జామీను మొత్తం రాసే ముందు ఎదుట నిలబడ్డ మనిషి రోజు కూలి ఎంతో అడగండి. వకీళ్లయ్యేవాళ్లు ఆర్డరులో ఏముందో, తర్వాతి వాయిదా ఎప్పుడో ఇంటివాళ్లకు వాళ్ల మాటల్లో చెప్పండి. రేపే వదిలేస్తారని ఉత్తుత్తి ధైర్యం మాత్రం చెప్పకండి, ఆ మాట నమ్మి వాళ్లు పని మానుకుని గేటు దగ్గరికొస్తారు. సోషల్ వర్కర్లయ్యేవాళ్లు ఆ ఇంటి గడప తొక్కి, పిల్లలు బడికి పోతున్నారో లేదో చూడండి. "మీవాడు నిజంగా చేశాడా?" అని అడగకండి. అది తేల్చడానికి కోర్టు ఉంది.

ఈ పనిలో పేరు తక్కువ, జీతమూ తక్కువే. కానీ ఒక మనిషి ఇంటికి చేరితే ఒక కుటుంబం నిలబడుతుంది. మీలో కొందరైనా ఈ దారి పట్టాలని కోరుకుంటున్నాను.