వస్తువు మ్యూజియంలో, కథ మన ఇంట్లో

 

రాజంపేట నుంచి కడపకు ఏదో ఒక పని మీద పోతూనే ఉంటాం. అక్కడి భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో మనలో ఎంతమంది అడుగుపెట్టాం? 1982లో ఏర్పడిన ఆ మ్యూజియం కడప సీమలో దొరికిన పాత శిల్పాలను కాపాడుతోంది. మ్యూజియంలో వస్తువు పక్కన ఒక చీటీ ఉంటుంది: ఇది ఏమిటి, ఏ ఊరిది, ఏ కాలానిది అని. ఆ చీటీ లేకపోతే అది ఉత్త రాయే.

మనకు దగ్గర్లోని గుంజన లోయలో రాతియుగపు చేతిగొడ్డళ్లు దొరికాయి. వాటిని పరిశోధించిన డి.ఆర్. రాజు గారి పుస్తకం 1988లో వచ్చింది. ఆయన రాళ్లను కొలిచి ఊరుకోలేదు. అడవిని నమ్ముకుని బతికేవాళ్ల జీవితాన్నీ గమనించారు. అడవి తెలిసిన మనిషి తోడు లేనిదే పాత రాయి మాట్లాడదు.

అంతకుముందు సంగతి వేరు. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచి రాసుకున్నాడు. యానాదులు, ఎరుకలు అందులో ఉన్నారు. అంటే మన చీటీ ఇంకొకరు రాశారు.

ఇకమీదట మనమే రాసుకోవాలి. ఎరుకల అవ్వ అల్లిన గంప, యానాది తాత చేపలు పట్టిన ఊత, సుగాలీ అమ్మ కుట్టిన అద్దాల రవిక రాయిలా నిలిచేవి కావు. చెదలు తింటాయి, చిరిగిపోతాయి. చేసిన చేతులు ఉండగానే ఫోటో తీయండి. ఎవరు చేశారు, ఎలా చేశారు, మన మాటల్లో దాని పేరేమిటి అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి.

ఇంకో మాట, కటువుగానే చెబుతాం. గుప్తనిధులంటూ రాత్రిపూట పాత గుళ్లు తవ్వేవాళ్లు కూలికి పిలిస్తే పోవద్దు. ఆ కూలి రెండు రోజుల్లో అయిపోతుంది. విరిగిన విగ్రహం మళ్లీ అతకదు. కేసు మాత్రం పార పట్టినవాడి మీద పడుతుంది. పొలంలోనో వాగులోనో పాత వస్తువు కనబడితే కడగొద్దు, అమ్మొద్దు, ఉన్నచోటు నుంచి కదపొద్దు. తహశీల్దారుకు చెప్పండి. దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నుంచే చట్టం ఉంది. అది ఏ చోట దొరికిందో తెలిస్తేనే దాని కథ తెలుస్తుంది.

ఈ సెలవుల్లో ఒకసారి కడప మ్యూజియం చూసి రండి. వచ్చాక మీ ఇంట్లో ఒక్క వస్తువుకు చీటీ రాయండి. రేపు మన పిల్లలు మనమెవరమని అడిగితే చూపించడానికి అది ఉంటుంది.