ఇనుమూ ఎత్తాలి, పుస్తకమూ ఎత్తాలి

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక పూర్వ వెయిట్ లిఫ్టర్ చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. రాడ్డు ముందు నిలబడితే లేని వణుకు మైకు ముందు వస్తోంది. పైగా నాది బడిలో ఒడియా చదువు. తెలుగు అక్షరాలు మా నాన్నగారు మగ్గం పక్కన పలక పెట్టి నేర్పించారు. అందుచేత మాటల్లో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. "నీ అనుభవం చెప్పు, పిల్లలకి పనికొస్తుంది" అని కార్యదర్శిగారు అడిగారు కాబట్టి వచ్చాను. నాకు వచ్చిన పతకం గురించి కన్నా నేను చేసిన తప్పుల గురించి చెబితేనే మీకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

మాది పట్టు నేసే ఇల్లు. నాన్నగారు గుంట మగ్గం మీద నేసేవారు, అమ్మా అక్కా కండెలు చుట్టేవారు. 1988లో పదో తరగతి పాసయ్యాక మా వీధి చివరి వ్యాయామశాలకి వెళ్లడం మొదలుపెట్టాను. మన ప్రాంతానికి ఈ పిచ్చి కొత్తది కాదు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడుగారి కథలు మా తాత చెప్పేవాడు. వీరఘట్టంలో పుట్టిన ఆయన చివరి రోజులు మన ఒడిశాలోని బలంగీర్‌లోనే గడిపి 1942లో కన్నుమూశారు. ఆ కథల్లో గొలుసులు తెంచడం మాత్రమే నాకు వినబడింది. ఆయన మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారన్న సంగతి అప్పట్లో నా చెవికి ఎక్కలేదు.

ప్లస్ టూలో చేరాను గానీ మనసంతా వ్యాయామశాల మీదే. రెండో ఏడు పరీక్షలకి వెళ్లనే లేదు. "ఈ ఏడు పోతే పోయింది, వచ్చే ఏడు రాస్తాను" అన్నాను. నాన్నగారు ఏమీ అనలేదు. 1991లో రాష్ట్ర పోటీల్లో 60 కిలోల విభాగంలో రెండో స్థానం వచ్చింది. స్నాచ్‌లో 85, క్లీన్ అండ్ జర్క్‌లో 107.5, మొత్తం 192.5 కిలోలు. స్టేషన్ నుంచి ఇంటి దాకా స్నేహితులు భుజాల మీద మోసుకొచ్చారు. ఆ రోజు నాకంటే గొప్పవాడు లోకంలో లేడనుకున్నాను.

ఆ ఏడు చివర్లో క్రీడాకారుల కోటాలో ఒక ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ట్రయల్స్‌లో బరువు ఎత్తాను, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కాగితాలు చూసే గదిలోకి పంపారు. అక్కడి పెద్దాయన నా పతకం సర్టిఫికెట్టు చూసి, "ప్లస్ టూ మార్కుల పత్రం ఏది బాబూ?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన కోప్పడలేదు, ఎగతాళి చెయ్యలేదు. ఫైలు మూసి నా చేతిలో పెట్టాడు. తిరుగు ప్రయాణంలో రైల్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

తప్పు నాదే అయినా కోపం ఎవరి మీద చూపించాలో తెలియక రాడ్డు మీద చూపించాను. మర్నాడు ఉదయం వ్యాయామశాలలో ఎవరూ లేని వేళ 120 కిలోలు పెట్టాను. నా గరిష్ఠం 107.5 అని చెప్పాను కదా. నడుం దగ్గర ఏదో తెగినట్టయింది. రాడ్డు ముందుకి పడింది, నేను వెనక్కి పడ్డాను. దాదాపు అరగంట నేల మీదే ఉన్నాను. పాలు పోసే అతను చూసి మా ఇంటికి కబురు చేశాడు.

నాలుగు నెలలు పక్కమీద ఉన్నాను. ఆ నాలుగు నెలలూ మగ్గం శబ్దం వింటూ పడుకున్నాను. పగలు నాన్నగారు నేసేవారు, దీపాలు పెట్టాక అక్క కూర్చునేది. మందుల ఖర్చుకి ఒక చీర అదనంగా నెయ్యాలి మరి. మా అక్క ఎనిమిదో తరగతితో చదువు మానేసింది. ఎందుకు మానేసిందో నేను అంతవరకూ ఎప్పుడూ అడగలేదు. పడుకున్నవాడికి ఆలోచన ఎక్కువ కాబట్టి అప్పుడు అడిగాను. "ఇద్దరికీ ఫీజులు కట్టలేమన్నారు. నువ్వు మగపిల్లాడివి కదా" అంది. అంతే. ఆ మాటలో నిష్టూరం కూడా లేదు.

ఒకరోజు అక్కే నా పాత పుస్తకాలు దులిపి తెచ్చి పక్కన పెట్టింది. "ఒరే, అంత ఇనుము ఎత్తావు, ఈ పుస్తకం ఎత్తలేవేటిరా?" అంది. 1993లో పరీక్ష రాశాను. రెండో తరగతిలో పాసయ్యాను. 1995లో ఒక చిన్న గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పోటీల్లో మళ్లీ పాల్గొనలేదు, నడుం ఒప్పుకోలేదు. 2004 నుంచి అదే వ్యాయామశాలలో ఉదయం 5 నుంచి 7 దాకా పిల్లలకి నేర్పుతున్నాను. జీతం లేదు, తీసుకోను.

ఇప్పుడు పిల్లలకి, తల్లిదండ్రులకి కొన్ని సలహాలు చెబుతాను. ఇవి నా నడుం నొప్పితో నేర్చుకున్నవి.

మొదటిది. మొదటి నెలల్లో బరువు జోలికి పోవద్దు. నా దగ్గర చేరిన పిల్లలు ముందు కర్ర పట్టుకుంటారు. ఉత్త కర్రతో కూర్చోవడం, లేవడం, తల పైకి ఎత్తి నిలబడడం సరిగ్గా వచ్చాకే రాడ్డు ఇస్తాను. పోటీ రాడ్డు మగవాళ్లకి 20 కిలోలు, ఆడవాళ్లకి 15 కిలోలు ఉంటుంది. అంటే ప్లేట్లు లేకుండానే అది చిన్న బరువు కాదు. "నా స్నేహితుడు 60 ఎత్తుతున్నాడు, నాకింకా కర్రేనా?" అని అడిగే పిల్లవాణ్ణి ఇంకో నెల కర్రతోనే ఉంచుతాను.

రెండవది. ఒంటరిగా ఎత్తవద్దు, కోపంతో ఎత్తవద్దు. దీనికి వివరణ అక్కర్లేదు, ఇందాకే చెప్పాను.

మూడవది. పోటీలో స్నాచ్‌కి మూడు అవకాశాలు, క్లీన్ అండ్ జర్క్‌కి మూడు అవకాశాలు ఉంటాయి. ఒకదానిలో మూడూ తప్పితే రెండోదానిలో ఎంత ఎత్తినా మొత్తం లెక్కకి రాదు. అందుకే మొదటి ప్రయత్నంలో జ్వరం వచ్చిన రోజు కూడా ఎత్తగలిగిన బరువు పెట్టుకోవాలి. చప్పట్ల కోసం పెద్ద అంకెతో మొదలుపెట్టి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చిన కుర్రాళ్లని చాలామందిని చూశాను.

నాలుగవది తిండి. ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు. గుడ్లు, పప్పు, నానబెట్టిన శనగలు, పాలు, మన ఇళ్లలో ఉండే చేప, వీటితో పాటు ఎనిమిది గంటల నిద్ర చాలు. బరువు విభాగం కోసం పిల్లల్ని పస్తులు ఉంచవద్దు. ఎవరో ఇచ్చిన బిళ్ల, పేరు తెలియని పొడి నోట్లో వేసుకోవద్దు. ఒంట్లో నిషిద్ధ మందు దొరికితే "నాకు తెలియదు" అన్న మాట చెల్లదు. దానికి బాధ్యత క్రీడాకారుడిదే. మన దేశంలో 2022లో దీనికి ప్రత్యేకంగా చట్టమే చేశారు. జలుబు మందు రాయించుకున్నా సరే, "నేను పోటీలకి వెళ్తాను" అని డాక్టరుగారికి ముందే చెప్పండి.

ఐదవది కాగితాలు. పుట్టిన తేదీ పత్రం, మార్కుల పత్రాలు, పోటీల సర్టిఫికెట్లు ఒకే సంచిలో పెట్టి అమ్మ చేతికి ఇవ్వండి. ప్రతి కాగితం మీద పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన పిల్లలకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాస్తారు. ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా ఉంటుంది. ఉద్యోగం దగ్గర ఈ ఒక్క అక్షరమే గండమవుతుంది. ఏ పోటీకి గుర్తింపు ఉందో, ఏ సర్టిఫికెట్టు కోటాకి పనికొస్తుందో ప్రవేశ రుసుము కట్టే ముందే అడిగి తెలుసుకోండి.

ఇక ఆడపిల్లల సంగతి. ఇప్పుడు నా దగ్గరకి 22 మంది వస్తున్నారు. అందులో 9 మంది ఆడపిల్లలు. (ఠాకురాణి యాత్ర జరిగే ఏడు మాత్రం ఈ లెక్క నన్ను అడగకండి, ఆ రోజుల్లో ఒక్కరూ దొరకరు.) రెండేళ్ల కిందట ఒక అమ్మాయి పదో తరగతికి రాగానే ఇంట్లో మానిపించేశారు. నేను వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మగారు మంచినీళ్లిచ్చి, "మాస్టారూ, బరువులెత్తితే పిల్ల పొట్టిగా ఉండిపోద్దంట. రేపు పెళ్లెవరు చేసుకుంటారు?" అని అడిగారు. ఆ తల్లిని నేను తప్పు పట్టలేదు. ఆమె భయం ఆమెది.

సరైన పద్ధతిలో నేర్పితే ఎదుగుదల ఆగదని చెప్పాను. మన పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరిగారి గురించి చెప్పాను. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారత మహిళ ఆమే. "ఆ పతకం తెచ్చేసరికే ఆమెకి పెళ్లయిందమ్మా, మర్నాటి ఏడు బిడ్డ కూడా పుట్టాడు" అన్నాను. ఆవిడ నవ్వారు. తండ్రి మాత్రం, "చదువు పోతే ఎవరిది పూచీ?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్న మా నాన్నగారు నన్ను అడిగి ఉంటే ఎంత బాగుండేదో!

ఒక ఒప్పందం చేసుకున్నాం. పరీక్షలకి ముందు మూడు నెలలు వారానికి మూడు రోజులే అభ్యాసం. పోటీలు లేవు. యూనిట్ పరీక్షల్లో మార్కులు తగ్గితే నేనే పంపించేస్తాను. అమ్మాయి మొదటి తరగతిలో పాసయింది. పతకం ఇంకా రాలేదు, వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ ఈ రోజు ట్రస్టువారు చదివిన జాబితాలో ఆ అమ్మాయి పేరు ఉంది. ఇక్కడే మూడో వరసలో కూర్చుంది. పేరు చెబితే సిగ్గుపడుతుంది, చెప్పను.

2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచినప్పుడు ఈ ఊరి ప్రతి వీధిలో పిల్లలు రాడ్లు పట్టుకున్నారు. మంచిదే. కానీ బంగారం ఒక్కరికే వస్తుంది. మిగిలినవాళ్లంతా ఎక్కడికి పోవాలన్నది మన సంఘం ఆలోచించాలి. ఆరోగ్యమైన ఒళ్లు, చేతిలో ఒక చదువు, ఓడినా మర్నాడు లేచి వచ్చే అలవాటు, ఈ మూడూ ఉన్న పిల్లవాడు పతకం లేకపోయినా చెడిపోడు.

ట్రస్టు పెద్దలకి రెండు చిన్న విన్నపాలు. ఆడపిల్లలు పై ఊరికి పోటీలకి వెళ్లేటప్పుడు తల్లినో, అక్కనో తోడు పంపాలి. ఆ రెండో టికెట్టుకి డబ్బు లేక ఆగిపోయిన పిల్లలు నాకు తెలుసు. ఆ టికెట్టు మనం కొందాం. రెండోది, నాలాగ ఆట కోసం ఒక ఏడు పోగొట్టుకున్న పిల్లలు మళ్లీ పరీక్ష రాస్తామంటే, తప్పినవాడని దరఖాస్తు తిప్పి పంపకండి. పుస్తకాలకి, ఫీజుకి సాయం చేసి ఇంకొక్క అవకాశం ఇవ్వండి. మా ఆటలోనే మూడు అవకాశాలుంటాయి, చదువులో రెండైనా ఉండొద్దా?

మా అక్క ఈ సభకి వచ్చింది. కళ్లు మసకబారాయి, ఇప్పుడు మగ్గం ఎక్కడం లేదు. నిన్న రాత్రి ఈ ప్రసంగం చదివి వినిపిస్తే, "నా సంగతి ఎందుకురా అక్కడ?" అంది. తీసేయమంది. తీసేయలేదు. ఇంట్లో అన్న కోసమో, తమ్ముడి కోసమో చదువు మానేయబోతున్న ఆడపిల్ల ఎవరైనా మీకు తెలిస్తే, దయచేసి ఈ రోజే దరఖాస్తు ఫారం ఒకటి అదనంగా పట్టుకెళ్లండి. ఫారాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి.