భయాన్ని దాచొద్దు, దాటుదాం

(సోలాపూర్ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వార్షికోత్సవమంటే సన్మానాలు, శాలువాలు మామూలే. ఈసారి కమిటీవాళ్లు నన్ను భయం గురించి మాట్లాడమన్నారు. సోలాపూర్‌లో గానీ, భివండీలో గానీ, మన ఇళ్లలో అప్పు గురించి గుసగుసగానైనా మాట్లాడుకుంటాం. భయం గురించి మాత్రం నోరు విప్పం. "మగోనివై ఉండి భయపడుడేంది?" అని ఒక్క మాటతో ఎదుటివాడి నోరు మూయిస్తాం. సిరిసిల్లలో ఎందరు నేతన్నలు అప్పుల దిగులుతో ప్రాణాలు తీసుకున్నారో మనకు తెలుసు. అందుకే ఇది సభలో మాట్లాడుకోవలసిన విషయం.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. దారిలో పాము కనిపించిందనుకోండి. మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది, అమిగ్డలా అంటారు. మనం ఆలోచించేలోపే అది హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లాగా ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడా కొట్టుకుంటుంది, ఊపిరి వేగమవుతుంది, చేతులు చెమట పడతాయి, కడుపులో తిప్పుతుంది. పరుగెత్తడానికో, ఎదురు తిరగడానికో ఒళ్లు చేసుకునే తయారీ ఇది. జబ్బు కాదు, పిరికితనం అంతకన్నా కాదు.

చిక్కెక్కడంటే, పాముకూ బ్యాంకు నోటీసుకూ ఒంటికి తేడా తెలియదు. ఫోన్ మోగితే చాలు, పాము కనిపించినట్టే దడ పుడుతుంది. పాము పోతే దడ తగ్గుతుంది. నోటీసు మాత్రం బల్ల మీదే ఉంటుంది.

అప్పుడు మనమేం చేస్తాం? తప్పించుకుంటాం. ఫోన్ ఎత్తం. షేటు ఎదురొస్తాడని ఇంకో గల్లీలోంచి పోతాం. కవరు విప్పకుండా బియ్యం డబ్బా వెనక పెడతాం. ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది. ఆ హాయే మనల్ని మోసం చేస్తుంది. "తప్పించుకున్నావు కాబట్టే బతికావు" అని మనసు నేర్చుకుంటుంది. రేపు అదే ఫోన్ మోగితే భయం ఇంకా పెద్దదవుతుంది. అటు వడ్డీ కూడా పెరుగుతూనే ఉంటుంది.

మరి దాటడం ఎట్లా? మన పని మనకు నేర్పిందే చెప్తాను. పడుగులో పోగు తెగితే మగ్గాన్ని తిట్టుకుంటూ కూర్చోం, చూడనట్టు నేసుకుంటూనూ పోం. మగ్గం ఆపి, తెగిన కొస వెతికి, ముడి వేసి, మళ్లీ నడిపిస్తాం. భయానికీ అంతే.

మొదట ఆగండి. కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేది ఎక్కువసేపు ఉండాలి, అప్పుడే గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చేయండి. ఎంత గట్టి దడైనా సాధారణంగా కొన్ని నిమిషాల్లో పైకెక్కి, తర్వాత దానంతటదే దిగుతుంది.

తర్వాత కొస వెతకండి. కాగితం మీద రాయండి: ఎవరికి, ఎంత, ఎప్పటిలోగా. తలలో తిరిగే అప్పుకు అంతుండదు, కాగితం మీది అప్పుకు ఒక అంకె ఉంటుంది. ఇంట్లో ఒక్కరికైనా ఆ కాగితం చూపించండి. బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్న ఆడబిడ్డకు లెక్క అర్థం కాదనుకోకండి. చాలా ఇళ్లలో ఆ లెక్క ఆమెకు ముందే తెలుసు.

ఆపైన అన్నింట్లోకి చిన్నదానితో మొదలుపెట్టండి. తక్కువ బాకీ ఉన్నవాళ్లకు మీరే ఫోన్ చేసి, "ఈ నెల ఇంతే ఇయ్యగలను" అని చెప్పండి. గొంతు వణికితే వణకనీయండి, దడ తగ్గేదాకా అక్కడే ఉండండి. మధ్యలో లేచిపోతే భయం గెలుస్తుంది. ఇట్లా నాలుగైదుసార్లు చేస్తే మనసు కొత్త పాఠం నేర్చుకుంటుంది.

పిల్లలకూ ఇదే దారి. మరాఠీ బడిలో, "నా మాటలో తెలుగు యాస ఉంది, నవ్వుతరు" అని లేచి చదవని పిల్లను తిట్టొద్దు. ముందు ఇంట్లో పైకి చదివించండి. తర్వాత ఒక స్నేహితురాలి ముందు. ఆ తర్వాత తరగతిలో ఒక్క ప్రశ్న. మెట్టు మెట్టుగా ఎక్కనీయండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఛాతీలో ప్రతి బాధా భయం కాదు. నొప్పి చేతికో, దవడకో పాకినా, చెమటలు పట్టి ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. కార్ఖానాలో పత్తి దుమ్ము పీల్చేవాళ్లకు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుంటుంటే, అది దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. డాక్టరుకు మీ పనేమిటో తప్పకుండా చెప్పండి.

భయాన్ని మందుతో ముంచాలని చూసేవాళ్లకు ఒక మాట. తాగిన మత్తు దిగాక దడ రెట్టింపవుతుంది. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, పని చేతకాకపోయినా డాక్టరును కలవండి. "నేను లేకుంటేనే నయం" అనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే ఒంటరిగా వదలకండి. "పిచ్చి మాటలు మానెయ్" అనకుండా పక్కన కూర్చుని వినండి.

మన మూలపురుషుడు మార్కండేయుడికి భయమే లేదని చెప్పుకుంటాం. పదహారేళ్ల పిల్లవాడు, యముడు ఎదురుగా వచ్చాడు. భయం లేకుంటే శివలింగాన్ని అంత గట్టిగా కౌగిలించుకుంటాడా? భయపడ్డాడు, కానీ పారిపోలేదు. పట్టుకోవలసినదాన్ని పట్టుకున్నాడు. నాకు తెలిసిన ధైర్యం అదే.

మన ఊళ్లో శ్రావణ పౌర్ణమికి మార్కండేయుని రథం కదిలితే ఇంటిల్లిపాదీ బయటికొస్తాం. భయపడే మనిషి కోసం కూడా అట్లాగే బయటికి రావాలి. ఫెడరేషన్‌కు నా విన్నపం ఒక్కటే. ప్రతి పేటలో ఇద్దరిని, ఒక అన్నను, ఒక అక్కను ఎంచండి. బ్యాంకుకో, ఆస్పత్రికో ఒంటరిగా పోలేనివాళ్ల వెంట వాళ్లు నడవాలి. విన్న విషయం గడప దాటనీయకూడదు. ఈ సంవత్సరం ఈ ఒక్క పని జరిగితే చాలు.