వీరుడు రంగమెక్కుటకు ఊరు చేయవలసిన పని

(వరంగల్లు ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



నేడు మన పిల్లలను "నీకు నచ్చిన వీరుడెవడు?" అని అడిగినచో, ఆకాశమున నెగురు సూపర్‌మ్యాన్ పేరో, గోడలు ప్రాకు స్పైడర్‌మ్యాన్ పేరో చెప్పుదురు. అందు తప్పు లేదు. సూపర్‌మ్యాన్ 1938లో అమెరికా దేశపు బొమ్మల కథల పత్రికలో పుట్టినవాడు. మనుష్యశక్తిని మించిన బలము, ఆపదలోనున్నవారికి అభయము, దుర్మార్గుని యెదుట వెనుదీయని పౌరుషము, ఇవి యతని లక్షణములు. ఇవి మన ఘటోత్కచునకును కలవు, ఆంజనేయునకును కలవు. కావున పిల్లలు కోరునది మనకు క్రొత్తది కాదు. ఆ సాహసగాథను చేతిలోని ఫోనులో గాక, ఊరి నడుమ, సజీవులైన నటులచేత చూపగలమా యన్నదే ప్రశ్న.

ధనమున్నచో సర్వమును సాధ్యమని కొందరందురు. ధనము పెట్టినవారి యనుభవమును వినుడు. న్యూయార్కు నగరమున స్పైడర్‌మ్యాన్ కథను సంగీతనాటకముగా రంగమెక్కించిరి. అందుకైన వ్యయము సుమారు 7.5 కోట్ల డాలర్లు. నటులు త్రాళ్ల సాయమున ప్రేక్షకుల తలలమీదుగా నెగిరిరి. 2010 డిసెంబరులో, విధ్యుక్తమైన ప్రారంభమునకు ముందు జరిగిన ఒక ప్రదర్శనమున, రక్షణ త్రాడు తగిలింపబడని నటుడొకడు ఎత్తునుండి పడి తీవ్రముగా గాయపడెను. 2011 జూన్‌లో ప్రారంభమైన ఆ నాటకము, పెట్టిన సొమ్ము తిరిగి రాకయే, 2014 జనవరిలో ముగిసినది. యంత్రమెంత గొప్పదైనను, కొక్కెము తగిలించు చేయి ఏమరినచో వీరుడు నేలకూలును.

ఇక మన సురభి వారిని చూడుడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో ఆరంభమైన కుటుంబ నాటక సమాజమిది. వారి 'మాయాబజారు'లో నారదుడు మింటినుండి దిగును. రెండు బాణములు గాలిలో నెదుర్కొని నిప్పులు రాల్చును. రెప్పపాటులో తెర మారి అడవి యంతఃపుర మగును. 1957లో 'మాయాబజార్' చలనచిత్రము వచ్చిన పిదపను ఈ నాటకమునకు ప్రేక్షకులు లేకపోలేదు. త్రాడు లాగువాడు నటునికి తమ్ముడో కుమారుడో యగును. ఒకరి ప్రాణమొకరి చేతిలో నున్నదని బాల్యమునుండి యెరిగినవారు గనుక వారి చేయి ఏమరదు. అచ్చటి అసలు యంత్రము ఆ నమ్మకమే.

త్రాళ్లును కప్పీలును లేకయే వీరుని నిలబెట్టు విద్య మన ఓరుగంటి సీమలో చిరకాలముగా నున్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము'లో ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లు వీధులలో తిరుగుచు, ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను గానము చేయుటను చూతురు. నేటికిని ఐనవోలు, కొమురవెల్లి జాతరలలో ఒగ్గు కథకులు మల్లన్న కథను చెప్పుచున్నారు. పూర్వపు వరంగల్లు జిల్లాలోని మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య గారు ఆ విద్యకు దేశమంతటను గౌరవము తెచ్చి 2017లో దివంగతులైరి. ఒగ్గు కథకుడు రుమాలును తలకు చుట్టినచో రాజు, ముసుగు వేసినచో రాణి. డోలు మ్రోత తగ్గినచో అడవి, పెరిగినచో యుద్ధము.

చిందు యక్షగానమును గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. చిందనగా అడుగులతో వేయు గెంతు. దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి ఈ కళయందలి కృషికే 2024లో పద్మశ్రీ పురస్కారము లభించినది. చిందువారి వీరుడు ఎగురడు. అయినను అతడు మనకంటె పెద్దవాడుగా కనబడును. ఎట్లు? మొదట కిరీటము, భుజకీర్తులు. తేలికైన కర్రతో చేసి రంగులు పూసిన ఆ సొమ్ములు దీపకాంతిలో మెరసి మనిషి ఆకారమునే పెంచును. రెండవది నిరీక్షణ. వీరుడు వెంటనే కనబడడు. ముందు దరువు వినబడును, పిదప గజ్జెలు, ఆ పిదప కేక. అతడు కనబడునప్పటికే చూచువాని మనస్సున సగము వేషము సిద్ధమై యుండును. మూడవది ఎదుటి పాత్ర. గద బరువు పట్టినవాని భుజమున తెలియవలెను. దాని దెబ్బ తిన్నవాని నడకలో తెలియవలెను. భయపడువాడు చక్కగా భయపడినచో బలవంతుడు బలవంతుడగును. మీ యువకులు నాటకమాడదలచినచో మొదట నేర్వవలసినవి ఈ మూడు, పొగయంత్రము తరువాత.

కథకై దూరము పోనక్కరలేదు. కల్లుగీత కులమున పుట్టిన సర్వాయి పాపన్న ఖిలాషాపురమున కోట కట్టి, 1708లో, నగరము మొహర్రము సన్నాహములలో నుండగా, వరంగల్లుపై దాడి చేసెను. 1710లో మొగలు ప్రభుత్వము చేత చంపబడెను. అతని గాథను శారద కథకులు పాడుచున్నారు. ఈ దాడిని చూపుటకు కోటగోడ నిర్మింపనవసరము లేదు. ఒక దీపము, ఒక డప్పు, వరుసగా వంగిన నలుగురు యువకుల వీపులు చాలును. అయితే ఆ దాడిలో నగరము కొల్లగొట్టబడినది, జనులు చెరపట్టబడిరి. ఇదియు చరిత్రయే. వీరుని సాహసముతోబాటు ఆ యేడ్పును గూడ వినిపించినచో నాటకము పిల్లలకు బుద్ధి నేర్పును; లేనిచో చప్పట్లు మాత్రము మిగులును.

సభ్యులారా! ఇంతవరకు కళను గూర్చి చెప్పితిని. ఇప్పుడు మీ బాధ్యతను గూర్చి చెప్పెదను. పూర్వము చిందువారికి గ్రామములపై మిరాశీ హక్కు లుండెడివి. ఏ ఊరిలో ఏ కుటుంబము ఆడవలెనో, ఆ ఊరి మాదిగ కుటుంబములు వారికేమి ఈయవలెనో కట్టుబాటుండెను. వారిని పోషించినది ఊరిలో అందరికంటె పేదలైన ఆ వాడవారే. ఊరిలోని తక్కినవారు దూరమున నిలిచి చూచి పోయెడివారు. రాత్రి కిరీటము ధరించి రాజై పలికినవానికి ఉదయమున ఊరి యరుగుమీద చోటు లేకుండెను. ఆ మిరాశీ నేడు సన్నగిల్లినది. దాని స్థానమున మనమేమియు నిలుపలేదు. తండ్రి నేర్చిన దరువును కుమారుడు నేర్వకున్నచో తప్పు కుమారునిది కాదు. కడుపు నింపని విద్యను పట్టుకొనుమని యెవ్వరు చెప్పగలరు?

కావున మీకు నాలుగు విన్నపములు. మొదటిది, ప్రదర్శనము ఒక వాడకు పరిమితము గాక ఊరి నడుమ జరుగవలెను. అందరును ఒకే నేలపై కలిసి కూర్చుండవలెను. రెండవది, పారితోషికమును ముందుగానే మాటలాడి కాగితముపై వ్రాసి, ఆట ముగిసిన రాత్రియే చెల్లింపవలెను. రాకపోకల వ్యయము, భోజనము, పరుండుటకు చోటు ఊరివారే చూడవలెను. చందాగా వచ్చిన సొమ్ముకు లెక్క వ్రాసి గ్రామసభలో చదువవలెను. మూడవది, కళాకారులను నాలుగు దినములు ఊరిలోనే యుంచుకొని పాఠశాల బాలబాలికలకు అడుగును, దరువును నేర్పించవలెను. చిందు మేళములలో స్త్రీలును వేషములు కట్టుదురు. మన బాలికలును వెనుకాడనవసరము లేదు.

నాలుగవది రక్షణ. త్రాళ్లతో మనుష్యుని పైకెత్తు పనిని నేర్పరులు లేనిదే తలపెట్టరాదు. నోట కిరసనాయిలు పోసుకొని మంట నూదు చేష్టను ఖండితముగా నిషేధింపవలెను. దూకవలసిన చోట ఇసుక గాని, గడ్డి గాని మందముగా పరచవలెను. విద్యుత్తు తీగలను తెలిసినవానిచేత వేయించి, జనుల కాళ్లక్రింద పడకుండ చూడవలెను. వేదికకు దగ్గర నీళ్ల బిందెలును, ఇసుక బకెట్లును ఉండవలెను. జనులు సులభముగా వెడలుటకు రెండు ప్రక్కల త్రోవ విడువవలెను. సభ్యులలో ఒకరు ఆ రాత్రి ఆట చూచుట మాని వీనినే చూచుచుండవలెను.

ఆ సభ్యునికి చప్పట్లు రావు. త్రాడు లాగు సురభి కుటుంబమువానికిని రావు. అయినను వీరుడు నిలుచునది వారి చేతులపైననే. మీ రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, పంట చేతికి వచ్చిన పిమ్మట ఒక రాత్రిని నిర్ణయింపుడు. మరునాటి ఉదయమున ఆ కళాకారుని మీ యరుగుమీద కూర్చుండబెట్టి తేనీరిచ్చి పంపుడు. పిల్లలు దానిని గూడ చూతురు.