సీసం లేని సిరామిక్కు, ఉద్దానం నుయ్యి

భౌతికశాస్త్రం బోధించిన గురువుకు పొగడ్త కన్నా పాఠమే తగిన నివాళి. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లనే కుంగదీసింది. నీటిలోని సిలికాను, సీసాన్ని, పురుగుమందులను, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిపోవడాన్ని వరసగా అనుమానించారు. ఫలానాదే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు.

కిడ్నీ రోగికి చేసే పరీక్షల్లో అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఒకటి. పొట్ట మీద ఆనించే ప్రోబులో పీజోఎలక్ట్రిక్ సిరామిక్ ఉంటుంది. వోల్టేజి ఇస్తే కంపిస్తుంది, ఒత్తిడి తగిలితే వోల్టేజి పుట్టిస్తుంది. దశాబ్దాలుగా ఈ పనికి ఎక్కువగా వాడుతున్నది లెడ్ జిర్కోనేట్ టైటనేట్. దాని బరువులో 60 శాతానికి పైగా సీసమే. కిడ్నీని చూపించే పరికరంలో కిడ్నీకి పడని లోహం! ప్రోబులో ఉన్నంతకాలం రోగికి భయం లేదు. తయారీలో ఫర్నేసు వేడికి ఆవిరయ్యే లెడ్ ఆక్సైడుతోనూ, పాడైన పరికరాలు చెత్తకుప్పకు చేరాక కూడా చిక్కు. ఐరోపా 2006 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని కట్టడి చేసినా, ఈ సిరామిక్కులకు మాత్రం మినహాయింపు ఇస్తూ వచ్చింది.

2004లో టయోటా పరిశోధకులు పొటాషియం సోడియం నియోబేట్ ఆధారంగా, లెడ్ జిర్కోనేట్ టైటనేట్‌కు దీటైన సీసం లేని పదార్థం చేసి చూపారు. అయితే కాల్చేటప్పుడు పొటాషియం, సోడియం కొంత ఎగిరిపోతాయి. స్ఫటికంలో ఆక్సిజన్ ఖాళీలు మిగిలి, కరెంటు లీకవుతుంది. చిటికెడు మాంగనీసు కలిపితే ఆ లీకేజీ తగ్గుతుంది. మాంగనీసు గనుల గరివిడి, చీపురుపల్లి వాళ్లకు దాని గురించి నేను చెప్పాలా? అదే మాంగనీసు తాగేనీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపే ఉండాలంటుంది భారత ప్రమాణం. ఎక్కడ, ఎంత ఉందన్నదే లెక్క.

ఆ లెక్క తేల్చడంలో విద్యుత్తు సిరామిక్కులోనూ, నీటిలోనూ సాయపడుతుంది. సిరామిక్ బిళ్లకు వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో ఏసీ ఇస్తే, రేణువు లోపలి నిరోధం, రేణువుల సరిహద్దుల నిరోధం విడివిడిగా తెలుస్తాయి. నీటిలో ముంచి విద్యుత్ వాహకతను కొలిచే ఈసీ మీటరు మాత్రం లవణాల మొత్తాన్నే చెబుతుంది. లీటరులో 500 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుందాం. సీసానికి హద్దు 0.01 మిల్లీగ్రాము, అంటే అందులో 50 వేలలో ఒక వంతు. మీటరు దాన్ని పసిగట్టలేదు. అటామిక్ అబ్జార్ప్షన్ వంటి పరీక్ష చేయాల్సిందే.

2023 డిసెంబరులో హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి అందించే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. సంతోషం. కానీ కొళాయి వచ్చిందని నూతుల పరీక్ష ఆపేస్తే, జబ్బుకూ పాత నీటికీ సంబంధముందో లేదో తేల్చే ఆధారమే పోతుంది.

సీసం లేని సిరామిక్కులపై పనిచేసే పరిశోధక విద్యార్థులకు నా సూచన ఒక్కటే. సీసం లేదన్నంత మాత్రాన మీ సిరామిక్కును నిర్దోషి అనకండి. దాని పొడిని నీటిలో నానబెట్టి, ఏ మూలకం ఎంత కరిగి వచ్చిందో కొలవండి. సిద్ధాంతవ్యాసంలో విద్యుత్ ధర్మాల పట్టిక పక్కనే ఆ పట్టికనూ అచ్చువేయండి.